సవరభాష – సవరజాతి

ఏ జాతివారైనను తమ పూర్వచరిత్రమును వ్రాసికొన బూనినపుడు మొదట శాసనములను, తామ్రపత్రములను, పురాణవంశావళులను వెదకుదురు. ఇట్టి సంచికలయందు మనమును అట్లే చేయుచున్నాము. మఱి శాసనము వేయించుకొనని జాతికి చరిత్రము లేదా? కలదు. అది వారి భాషయందున్నది. ఆ భాష నశించిన నా చరిత్రమును నశించును. ఇందులకు మనకు మిక్కిలి సమీపమున నున్న నిదర్శనము సవరభాష.

ఐతరేయబ్రాహ్మణమున శునశ్శేపోపాఖ్యానమునందు, విశ్వామిత్రుని శాపమునకు గుఱియైన కుమారుల సంతతిగా ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులు పేర్కొనబడిరి. మన పేరును, శబరుల పేరును ఒక్క వాక్యముననే యున్నవి. నాటి శబరశబ్దము నేటి సవరలనే చెప్పుచున్నదని నిశ్చయించుట సాహసము. అయినను ఆ పేరు మోయుచున్న జాతి యిప్పటికిని శ్రీకాకుళము, పార్వతీపురము మన్యములందును, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలయందును నివసించుచున్నది.

తెలుగు ద్రావిడభాష, ఒడియా ఆర్యభాష. సవర యీ రెండు కుటుంబములకును జెందదు. అది ముండాశాఖలోనిది. సంతాలీ, ముండారీ దాని తోబుట్టువులు. బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేరు దూరపు జ్ఞాతులు. ఇందు నామమునకు పూర్ణరూపమేగాక హ్రస్వరూపము నొకటి గలదు. ఆ హ్రస్వరూపము క్రియతో గలిసి యేకపదమగును. సంస్కృతసమాసములను వల్లించిన మాకు క్రియలోనే కర్మ యిముడు ఈ కూర్పు ఆశ్చర్యము గొలిపినది. వారి గణనము మఱియు విచిత్రము. పన్నెండు దాటినపిమ్మట పన్నెండుమీద నొకటి, పన్నెండుమీద రెండు అని పందొమ్మిదివఱకు సాగును, ఆపై ఇరువదులు. ముప్పదితొమ్మిది యనవలసినచో ఇరువది, పన్నెండు, ఏడు అని కూర్చి చెప్పుదురు. ఇట్టి భాషను అనాగరికమనువాడు దానిని విననివాడే.

ఈ భాషను విన్న మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు. వారు 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. కొండలెక్కి సవరలతో మెలగి వారి భాష నభ్యసించిరి. మన్యపు జ్వరమునకు సేవించిన క్వినైను వారి వినికిడిని హరించినది. భాషను వినుటకై పోయి చెవులనే యర్పించిరి. సవరబాలురకు వాచకములు రచించిరి. దొరతనమువారు 1911లో ప్రతిఫలము నీయజూపగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టించుడని కోరిరి. 1931లో సవరవ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువడినవి. 1940లో వారు పరమపదించిరి. వారు గ్రాంథికమును ఖండించినవారు. మేము గ్రాంథికమున వ్రాయుచున్నవారము. ఆ వివాదమున నెవరిపక్షమువారైనను ఈ విషయమున వారికి చేతులు జోడింపక తప్పదు.

1936వ సంవత్సరము సవరలకు రెండువిధముల స్మరణీయము. ఏప్రిలు 1వ తేదీన ఒడిశా రాష్ట్ర మేర్పడుటచే వారి కొండలు రెండు రాష్ట్రములపాలయ్యెను. పర్లాకిమిడి అటు చేరగా పంతులుగారు రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. ఆ యేటనే మంగేయి గొమాంగో అను సవరపెద్ద తన భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అను 24 అక్షరముల లిపిని కల్పించెను. ఆ అక్షరములు పూజార్హములు కూడ. అయినను నేడు ఒక్క భాష తెలుగు, ఒడియా, రోమను, సొంపెంగ్ అను నాలుగు లిపులలో చీలియున్నది. ఒక కొండవాని జాబు ఆవలికొండవాడు చదువలేని దుస్థితి యేర్పడినది.

2011 జనాభాలెక్కలలో ఈ భాషవారు 4,09,549 మంది. సంఖ్య చాలునుగదా యని యందురేమో. భాషకు ప్రాణము సంఖ్యయందుకాక వాడుకయందున్నది. మనము శ్రాద్ధమున పితరులకు పిండమిడి ఊరకుందుము. సవరలు పితరులతో సంభాషింతురు. ఆవేశము పొందిన గురువు నోట మృతుడు పలుకగా, బంధువులు ప్రశ్నింతురు, వాదింతురు, విలపింతురు. ఆ సంభాషణము సవరభాషలోనిది. మతము మారినను, ఆచారము సడలినను మారినవారి యిష్టమునకు మేమడ్డము చెప్పము. కాని ఆ తంతుతో దానికే చెందిన పదసంపదయు మాయమగుచున్నదని గుర్తింపవలయును. ఇంక బడిలో పరభాష, సంతలో పరభాష, కచేరీలో పరభాష యైనపుడు ఇంటిభాష యెన్నాళ్లు నిలుచును?

సోదరభాషయైన సంతాలీ 2003 నాటి సవరణముచే రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. సవరకు ఆ భాగ్యము లేదు. 2004 నుండి ఆంధ్రమున సవరబాలురకు మాతృభాషావాచకములతో బోధ ఆరంభమైనది. పంతులుగారు కోరినది తొంబదియేండ్లకుపైగా గడచిన పిమ్మట మరల మొదలైనదన్నమాట! బడిలో మౌనముగా కూర్చున్న కొండబిడ్డ మందమతి కాడు. వానికి తెలిసిన మాట అచ్చట నెవరికిని తెలియదు, అంతే. దీర్ఘకాలము బెత్తము పట్టినవారము గనుక ఈ మాట నిస్సందేహముగా చెప్పగలము.

పోషకమహాశయులారా! స్వజాతిగౌరవమును గోరువాడు పరజాతిగౌరవమును గుర్తింపవలయును. మన బిడ్డల చదువునకు విరాళము లిచ్చు చేతులతోనే, సవరభాష నేర్చిన యుపాధ్యాయుని కొకనికి, సవరవాచకమున కొకదానికి సాయము చేయుడు. శ్రుతివాక్యమున మనకు ప్రక్కన నిలిచిన పేరు లోకమునందును మన ప్రక్కన నిలుచుగాక.