బడివాకిట నిలిచిన బిడ్డ

విద్య యందఱికి నవసరమని యొప్పుకొనని వారు నేడు మనలో లేరు. కాని బడివాకిట నొక్క బిడ్డ వచ్చి నిలిచినప్పుడే ఆ యొప్పుకోలునకు పరీక్ష కలుగుచుండును. ఆ పరీక్షలో మనవారెట్లు నడచుకొనిరో చరిత్రనుండి కొంత చూపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

1856 సంవత్సరము జూన్ నెలలో, అప్పటి బొంబాయి రాజధానికి చేరిన ధార్వాడ పట్టణమునుండి, మహార్ కులమునకు చెందిన యొక బాలుని పక్షమున ప్రభుత్వమునకు విన్నపమొకటి పోయెను. అందఱివలె జీతము చెల్లించుటకు సిద్ధముగా నున్నను తన్ను సర్కారు బడిలో చేర్చుకొనలేదని యందలి ఫిర్యాదు. జూలైలో ప్రభుత్వమువారు ప్రత్యుత్తరమిచ్చిరి. న్యాయము బాలుని పక్షముననే యున్నదని వారు దాచక యొప్పుకొనిరి. అయినను ఒకరిద్దఱి కొఱకై తరతరములనుండి వచ్చుచున్న దురభిమానములతో తలపడినచో విద్యాభివృద్ధికే భంగము వాటిల్లునని చెప్పి, తలుపు మాత్రము తెఱవరైరి. ఈ వ్యవహారము లండనులోని కంపెనీ డైరెక్టర్ల వఱకు పోయెను. సర్కారు విద్యాలయములు అన్ని తరగతుల ప్రజలకును తెఱచి యుండవలసినవేయని వారు 1858 ఏప్రిలులో వ్రాసిరి. సూత్రము మంచిదే, కాని అది వచ్చుటకు దాదాపు రెండేండ్లు పట్టెను. బాలుని వయస్సు ఆ రెండేండ్లు ఆగి యుండదు గదా!

ధార్వాడలో కాదనుటకైన నొక అధికారి యుండెను. మా యుత్తర తెలంగాణములోని ఆదిలాబాదు అడవిపల్లెలలో చాలకాలము కాదనువారు సైతము లేకుండిరి. గోండు బిడ్డకు బడియే దూరము. బడి యున్నచోట నతని తల్లిభాష లేదు. 1940లో కుమ్రం భీము జోడేఘాటునొద్ద ప్రాణములర్పించిన పిమ్మటనే నిజాము ప్రభుత్వము ఆ కొండలవైపు కన్నెత్తి చూచినది. మానవశాస్త్రజ్ఞుడగు హైమెండార్ఫు ప్రోత్సాహమున 1943లో మార్లవాయి గ్రామమందు గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణ కేంద్రమొకటి వెలసెను. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకములు సిద్ధమయ్యెను. దరఖాస్తు పెట్టుకొనుట కవకాశమే లేనివారిని త్రోసివేయుటయు నొక నిరాకరణమేయని, దానికి మందు వారి భాషలోనే బడి పెట్టుటయని మార్లవాయి మనకు నేర్పినది.

స్వాతంత్ర్యానంతరము న్యాయము శాసనరూపము దాల్చుటకును చాలకాలము పట్టెను. 1993లో ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యెములో, పదునాలుగేండ్లలోపు బాలబాలికలకు విద్య ప్రాథమికహక్కని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2002లో రాజ్యాంగమున 21ఏ అధికరణము చేరెను. 2009లో విద్యాహక్కు చట్టము పుట్టి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. వయస్సునకు రుజువు లేదని బిడ్డను త్రిప్పిపంపరాదు. టీసీ రాలేదని ఆపరాదు. గడువు మీఱినదనియు కాదనరాదు. కాదనినచో ఎవరైనను స్థానికాధికారులకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలో వారు తేల్చవలెను. అది తృప్తికరము కానిచో రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనునకు అప్పీలు కలదు. ‘ఎవరైనను’ అను మాటను పాఠకులు గుర్తింప వేడుచున్నాము. తండ్రి నిరక్షరుడైనను, భయపడినను, ఇరుగుపొరుగువారు ఆ కాగితము వ్రాయవచ్చును.

ఇంతవఱకు నితరులను గూర్చి వ్రాసితిమి. ఇక మా సంగతి. కరీంనగరము, పెద్దపల్లి ప్రాంతముల ఇటుక బట్టీలకు ఏటేట ఒడిశానుండి కుటుంబములు వచ్చి, వానలకు ముందే తిరిగిపోవుట యెల్లరెఱిగినదే. కొన్నేండ్ల క్రిందట, జనవరిలో, అట్టి కూలి యొకడు తన కూతును వెంటబెట్టుకొని మేము పనిచేయుచున్న బడికి వచ్చెను. చేర్చుకొను పని ఆ యేడు మాది. పిల్లకు ఎనిమిదేండ్లుండవచ్చును. కాగితములు లేవు, తెలుగు రాదు, పరీక్షలు సమీపించుచున్నవి. “జూన్‌లో రండి” యని మేము మెల్లగనే, మర్యాదగనే చెప్పితిమి. తండ్రి చేతులు జోడించి పోయెను. చట్టము మాకు తెలియకపోలేదు. జూన్‌లో బడి తెఱచునాటికి బట్టీ చల్లారినది, గుడిసెలు లేవు, ఆ పిల్లయు లేదు.

ధార్వాడ విషయమున బొంబాయి ప్రభుత్వమువారి యుత్తరమును తరువాత చదివినప్పుడు మాకు సిగ్గు కలిగెను. న్యాయము నీదే, కాని ఇప్పుడు కాదని వారు పలికిరి. మేమును అదియే పలికితిమి. వారికి కులదురభిమానము సాకు, మాకు పరీక్షలు సాకు. వారి మాట వ్రాతలో నుండుటచేత దానిపై విచారణ యైనను సాగెను. మా మాట నోటిమాట. దానిపై అప్పీలు చేయుటకు ఆధారమే లేకపోయెను. చేసియున్నను, జనవరి ఫిర్యాదునకు ఏప్రిలులో తీర్పు వచ్చి, వేసవి సెలవులలో తలుపు తెఱచెడిది!

కావున పాఠకులకు మా మనవి రెండు విధములు. మీ వీధిలో బడికి పోని బిడ్డ కనబడినచో తండ్రితోకూడ మీరును బడికి పొండు. కాదనినచో కారణమును వ్రాసి యిమ్మని యడుగుడు. వ్రాయనిచో మీరే తేదీతో ఫిర్యాదు వ్రాసి, రసీదు పుచ్చుకొనుడు. ఇక మాతోడి యుపాధ్యాయులారా, అప్పీలు బిడ్డకు తుదిదిక్కు కావలెను గాని మొదటిదిక్కు కారాదు. ముందు బిడ్డను బల్లపై కూర్చుండబెట్టి, కాగితములను పిమ్మట వెదకుదము.