టీవీ వెనక సద్దు లేని పెట్టె

ఆదోని దగ్గర, ఉరుకుంద ఉన్న కౌతాళం మండలానికి తుంగభద్ర అవతలి ఒడ్డు రాయచూరు జిల్లా. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఆ జిల్లా పల్లెల్లో టీవీ బొమ్మ నేరుగా ఆకాశం నుంచి దిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లలో జరిగిన ‘సైట్’ ప్రయోగం అది. జాలీ అల్లిన మూడు మీటర్ల డిష్, ఊరికొక సెట్టు, దాని ముందు ఊరంతా. ఇష్టమైన సినిమాను ఇంట్లో కూర్చుని, తీరినప్పుడు చూసుకోవడం అప్పటికింకా ఊహకు కూడా అందని మాట.

ఆ దారి తెరిచింది వీసీఆర్. జేవీసీ 1976లో వీహెచ్‌ఎస్ తెచ్చింది. 1982లో రంగుల టీవీ వచ్చాక వీసీఆర్ అద్దె షాపులు మన పట్టణాల్లోకీ వచ్చాయి. పండక్కో పెళ్లికో టీవీ, డెక్కు, నాలుగు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, వీధిలో పెట్టి తెల్లవార్లూ చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాయి. కేబుల్ వైరు మిద్దెల మీదుగా ఇంటింటికీ పాకింది.

కంప్యూటర్ ఈ కథలోకి అడుగుపెట్టింది వీసీడీతో. ఒక్కో డిస్కులో గంటంపావు బొమ్మ పట్టేది, అందుకే తెలుగు సినిమా రెండు మూడు డిస్కులయ్యేది. నాణ్యత అంతంతమాత్రం. అయినా సినిమా ఫైలుగా మారింది, హార్డ్ డిస్కులోకి కాపీ అయింది. టీవీ ట్యూనర్ కార్డు పెట్టి కేబుల్ వైరు తగిలిస్తే సీపీయూనే టీవీ అయ్యేది. అమెరికాలో 1999లో టీవీ కార్యక్రమాలను రికార్డు చేసే టీవో, 2002లో కంప్యూటర్‌లో అదే పని చేసే మిత్‌టీవీ, అదే ఏడు మైక్రోసాఫ్ట్ మీడియా సెంటర్ వచ్చాయి. ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టె కోసం ఔత్సాహికులు రాసుకున్న ప్లేయరే పెరిగి పెద్దదై, 2014లో కోడీ అని పేరు మార్చుకుంది.

సాఫ్ట్‌వేర్ అంత తొందరగా కుదిరినా పెట్టె మాత్రం హాల్లో ఇమడలేదు. పవర్ సప్లైకి ఒక ఫ్యాను, ప్రాసెసర్‌కు ఒకటి, హార్డ్ డిస్కు గరగర, సీడీ డ్రైవు రొద. పాటప్పుడు తెలియదు గానీ, సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే చోట ఆ హోరు చెవిలో దూరేది. నా దృష్టిలో హోమ్ థియేటర్ కంప్యూటర్ చరిత్ర అంటే ఈ చప్పుడును ఒక్కొక్కటిగా తీసేసిన చరిత్రే.

తైవాన్ కంపెనీ వయా తెచ్చిన మినీ-ఐటీఎక్స్ బోర్డు వెడల్పు, పొడవు 17 సెంటీమీటర్లే. ఈడెన్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లో ఫ్యానే లేదు. కానీ శక్తి చాలలేదు. 2008లో వచ్చిన ఇంటెల్ ఆటమ్‌దీ అదే ఇబ్బంది, హెచ్‌డీ సినిమా పెడితే తడబడేది. మలుపు తిప్పింది వేగం కాదు, పని విభజన. బొమ్మను విప్పే పనిని ప్రాసెసర్ నుంచి తప్పించి, అందుకోసమే చెక్కిన సర్క్యూట్‌కు అప్పగించారు. 2012లో 35 డాలర్లకు వచ్చిన రాస్‌బెర్రీ పై ప్రాసెసర్ 700 మెగాహెర్ట్జే, అయినా 1080పీ సినిమాను నింపాదిగా ఆడించింది. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌కు చెప్పే విద్యుత్ లెక్క 6 వాట్లు. ఏవీ1 పద్ధతిలో కుదించిన వీడియోను సైతం విప్పగలదు.

అయితే ఆ 6 వాట్ల లెక్క చల్లని దేశానికి ఒకటి, ఆదోనికి ఒకటి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె కింది గది రాత్రి పదికి కూడా సెగలు కక్కుతుంది. వేడిని గదిలోకే వదిలే ఫ్యాను లేని పెట్టెకు అంత వెచ్చని గాలి పెద్ద పరీక్ష, చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అలాగని ఫ్యాను పెడదామంటే, ఆదోని పత్తి మార్కెట్టు ఊరు. జిన్నింగ్ మిల్లుల పక్క వీధిలో పాత సీపీయూ మూత తీసి చూడండి: హీట్ సింక్ రేకుల మధ్య దూది నూగు దుమ్ముతో కలిసి కంబళిలా అట్టకట్టి ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నా గాలి వెళ్లదు. అందుకే ఇక్కడ ఫ్యాను లేకపోవడం చెవికి సుఖమే కాదు, యంత్రానికి ఆయుష్షు కూడా. అల్యూమినియం ఒళ్లే హీట్ సింక్‌గా ఉన్న కేసు తీసుకుని, షోకేసు అరలో దూర్చకుండా నాలుగు పక్కలా జానెడు జాగా వదిలితే చాలు. 12 వోల్టుల అడాప్టర్ ఉన్నది దొరికితే ఇంకా మేలు, రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ లాంటిదే సరైన సామర్థ్యంలో ఎంచుకుంటే కరెంటు పోయినా ఆగదు.

నెట్ కథ వేగంగా నడిచింది. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, సెప్టెంబరులో జియో వచ్చాయి. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను ఇస్తామంది. 2020లో, అప్పట్లో తెలుగుకే పరిమితమైన ఆహా మొదలైంది. యంత్రం సిద్ధమైంది, తీగ వచ్చింది. అడ్డు మరోచోట తగిలింది. వైడ్‌వైన్ అనే తాళం చూసి ఓటీటీ సంస్థలు బొమ్మ నాణ్యత నిర్ణయిస్తాయి. టీవీకి తగిలించే చవక స్టిక్కులో నిండుగా కనిపించే సినిమా, లైనక్స్ వేసిన మన పెట్టెలో తక్కువ నాణ్యతలోనే వస్తుంది. కొన్నవాడికి జరుగుతున్న అన్యాయమిది. ఓటీటీ ఒక్కటే కావాలంటే స్టిక్కు కొనుక్కోవడమే మంచిదని నేనైనా చెబుతాను.

చిన్న కంప్యూటర్ అవసరం మన సొంత బొమ్మల కోసం. హక్కుల గడువు తీరితే ఓటీటీలో సినిమా మాయమవుతుంది, మన డిస్కులోది మాత్రం ఎక్కడికీ పోదు. చాలా ఇళ్లల్లో పెళ్లి క్యాసెట్లున్నాయి, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వెళ్లినప్పుడు తీయించుకున్నవీ ఉంటాయి, ఇప్పుడు లేని పెద్దల మాటా నడకా వాటిలోనే మిగిలాయి. టేపు మీది అయస్కాంత పూత ఏటికేడు బలహీనపడుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వీసీఆర్‌లు చేసే చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయి, 2016 జులైలో తయారీ ఆపేసింది. పనిచేసే డెక్కు, దాని హెడ్డు శుభ్రం చేయగల మెకానిక్ దొరుకుతున్నప్పుడే ఒక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో వాటిని ఫైళ్లుగా మార్చి, రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాలి. అన్నిటికంటే పాత క్యాసెట్‌తో మొదలుపెట్టండి.