వార్తకు దారి: మెటియాబ్రుజ్ తీరాన తంతి నుంచి రూటర్ వరకు

కోల్‌కతాకు నైరుతి దిశలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్‌కు 1856లో అవధ్ రాజ్యాన్ని కోల్పోయి వచ్చి స్థిరపడిన నవాబు వాజిద్ అలీ షా వల్లనే ఎక్కువ ప్రసిద్ధి కలిగింది. అయితే మన దేశంలో వార్తలను దూరానికి చేరవేసే విద్య చరిత్రలోనూ ఈ నదీతీరానికి విశిష్ట స్థానం ఉంది. నవాబు రాకకు పదిహేడేళ్ల ముందే, 1839లో, విలియం ఓషానెసీ అనే వైద్యుడు ఆవలి ఒడ్డున శిబ్‌పూర్ వృక్షోద్యాన ప్రాంతంలో 21 మైళ్ల తీగను నెలకొల్పి, అందులో 7,000 అడుగుల మేర విద్యుత్ వలయాన్ని నదితో ముడిపెట్టి, విద్యుత్తు ద్వారా సంకేతాలు పంపవచ్చని నిరూపించాడు.

ఆయన పర్యవేక్షణలోనే 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్ల మధ్య తంతి మార్గం ఏర్పడింది. 1854లో అది ఆగ్రాకు చేరింది. 1855లో ప్రజలకూ అందుబాటులోకి వచ్చింది. తొలినాళ్లలో ఈ తంతి మార్గాలు కలకత్తా నుంచి ఆగ్రాకు, అక్కడి నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి మద్రాసుకు సాగినందున, తూర్పు తీరంలోనే ఉన్న మద్రాసుకు పంపిన వార్త కూడా ఉపఖండాన్ని చుట్టి వెళ్లవలసివచ్చేది. నడుమ ఉన్న కార్యాలయంలో గుమస్తా వార్తను అందుకొని, గమ్యాన్ని చూసి, ఏ తీగపై ముందుకు పంపాలో నిర్ణయించేవాడు. వార్తకు ఇలా దారి ఎంచి పెట్టడాన్నే నేటి పరిభాషలో రూటింగ్ అంటారు. 1857 తిరుగుబాటులో ఉత్తరాదిన తీగలు తెగినప్పుడు ఆగ్రా మీదుగా సాగవలసిన కలకత్తా వార్తలు నిలిచిపోయాయి. ఒకే దారిపై ఆధారపడిన వ్యవస్థ ఎంత బలహీనమో ఆ సంక్షోభం స్పష్టం చేసింది. తరువాతి కాలంలో తూర్పు తీరం వెంట వేసిన తంతి కలకత్తాను మద్రాసుతో నేరుగా కలిపింది.

నవాబు మరణించిన 1887లోనే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఏర్పడింది. కాలక్రమంలో పొరుగునే ఉన్న గార్డెన్ రీచ్ దాని ప్రధాన కేంద్రమైంది. ఈ రైల్వే వాల్తేరును కలకత్తాతో కలపగా, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి అనేక తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల కోసం ఖరగ్‌పూర్‌కు తరలివెళ్లాయి. రైళ్లు భద్రంగా నడవాలంటే ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు తంతి సమాచారం అందాలి కనుక, పట్టాల పక్కనే తీగలూ సాగాయి. 2000లో స్థాపించిన రైల్‌టెల్ సంస్థ అదే రైలుమార్గాల వెంట, కాంతిరూపంలో సమాచారాన్ని మోసే ఆప్టికల్ ఫైబర్‌ను విస్తరించింది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చినప్పుడు, తొలి నగరాల్లో కలకత్తా కూడా ఉంది. తంతి గుమస్తా చేసిన పని ఇక్కడ రూటర్ అనే యంత్రానికి చేరింది. సమాచారం ప్యాకెట్లుగా, అంటే చిన్న ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ప్రతి ముక్కపై ఉన్న గమ్యపు చిరునామాను రూటర్ తన రూటింగ్ పట్టికతో సరిపోల్చి తదుపరి మజిలీకి పంపుతుంది. పట్టికలో ప్రత్యేకంగా పేర్కొనని చిరునామాలన్నిటికీ వర్తించే దారిని డిఫాల్ట్ రూట్ అంటారు. 192.168తో మొదలయ్యే చిరునామాలు ఇల్లు, దుకాణం వంటి చోట్ల లోపలి యంత్రాలకే పరిమితం కాబట్టి, ఆ యంత్రాల ప్యాకెట్లు బయటికి వెళ్లేటప్పుడు రూటర్ ఆ చిరునామాలను తన బహిరంగ చిరునామాలోకి మారుస్తుంది.

దుస్తుల తయారీకి పేరొందిన నేటి మెటియాబ్రుజ్‌లో దూరప్రాంతపు బేరాలకూ చెల్లింపులకూ ఇంటర్నెట్ ఆధారమైనప్పుడు, అక్కడి వ్యాపారికి రూటర్ అమరిక అప్రధానమైన పని కాదు. ఇద్దరు సేవాదారుల కనెక్షన్లు తీసుకొని, మొదటి దారికి తక్కువ మెట్రిక్‌ను, అంటే ఎక్కువ ప్రాధాన్యాన్ని సూచించే అంకెను, రెండవ దారికి ఎక్కువ మెట్రిక్‌ను ఇచ్చి, మొదటిది తెగినట్లు గుర్తించే ఏర్పాటు కూడా చేస్తే, రూటర్ రెండవ దారికి మారుతుంది. 1857లో గుమస్తా ముందు మరో తీగ లేదు. నేడు మరో దారి ఉన్నా, దానిని ముందుగా పట్టికలో చేర్చకపోతే యంత్రం కూడా ఆ గుమస్తాలాగే నిస్సహాయమవుతుంది. వేగం యంత్రానిదే అయినా ముందుచూపు మాత్రం ఆ పట్టికను రాసే మనిషిదే.