నాడిని మరచిన పరిశోధన

పెద్దపల్లి నుండి పట్నం పోయి గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినవారి రొమ్ముపై ఇదివరలో జానెడు మచ్చ కనిపించేది. ఇప్పుడు కొందరికి ప్రక్కటెముకల నడుమ రెండు మూడంగుళముల గాటు మాత్రమే మిగులుచున్నది. ఆ చిన్న గాటు తెచ్చిన చిక్కును చెప్పుటకు ముందు శ్రోతలను మేము నూరేండ్లకు పైగా వెనుకకు తీసికొనిపోవలెను.

పెద్దపల్లి నిజాము ఏలుబడిలో నున్న కాలమది. క్లోరోఫారము మత్తులో కొందరు రోగులు బల్లమీదనే హఠాత్తుగా మరణించుచుండిరి. ముందు ఆగునది శ్వాసయా, గుండెయా? ఈ ప్రశ్నను తేల్చుటకు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక సంఘమును కూర్చినారు. 1889లో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయముతో రెండవ సంఘము ఏర్పడగా, లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నారు. వందల జంతువులను పరీక్షించి వారిచ్చిన తీర్పు ఇది: ముందు ఆగునది శ్వాసయే, మత్తు ఇచ్చువాడు దానినే కనిపెట్టవలెను, నాడితో పనిలేదు.

అదే 1889లో స్కాట్లండునందు మాక్‌విలియం అను శాస్త్రజ్ఞుడు వేరొక మాట చెప్పినారు. హఠాన్మరణమున గుండె నిలిచిపోక, దాని కండపోగులు దేనికది వణకుచుండవచ్చును. అప్పుడు రక్తము కదలదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగములు చేసి, మత్తు తేలికగా నున్నప్పుడే క్లోరోఫారము ఇట్టి వణకు పుట్టించగలదని చూపినారు. హైదరాబాదు శ్రమలో లోపము లేదు. చూపు ఒక వైపే నిలిచినది.

వణకునకు విరుగుడు విద్యుత్తు. 1899లో జెనీవాలో ప్రెవో, బట్టెల్లీ అను వారు కుక్కలలో దీనిని కనుగొన్నారు. 1947లో క్లీవ్‌లండులో క్లాడ్ బెక్ 14 ఏండ్ల బాలుని తెరచిన రొమ్ములో గుండెకే విద్యుత్తు తాకించి బ్రతికించినారు.

ఆ పలకలు చెంచాలవంటివి. చిన్న గాటులో పట్టవు. కావున ముందుగానే రొమ్మునకు, వీపునకు పట్టీలు అంటించి, బయటినుండి పలురెట్ల శక్తి పంపుదురు. ఒక ఊపిరితిత్తిని ముడిచినపుడు విద్యుత్తు గుండెకు సరిగా అందకపోవచ్చును. అప్పుడు దానిని మరల గాలితో నింపి ప్రయత్నింతురు. పిల్లలకై చేసిన చిన్న పలకలను గాటుగుండా పంపుటయు కలదు.

నేడు శస్త్రచికిత్సాగృహమున శ్వాసను, గుండెను రెంటిని గంట గంటకు కాదు, క్షణక్షణము కనిపెట్టుచుందురు. హైదరాబాదు అడిగిన ప్రశ్న గొప్పది. దానికి పూర్తి జవాబు దొరకుటకు నాడిపై వ్రేలు మరల పెట్టవలసి వచ్చినది.