59 అంతస్తుల డాబా

ఎన్నికలప్పుడు మన ఊళ్లలో హెలికాప్టర్ దిగాలంటే ఓ కాలేజీ గ్రౌండు, సున్నంతో గీసిన గుండ్రం, మధ్యలో ‘హెచ్’ అక్షరం చాలు. జనం కళ్లలో కాస్త దుమ్ము పడుతుంది, అంతే. న్యూయార్క్‌లో పాన్ యామ్ విమాన సంస్థ ఆ గుండ్రాన్ని నేలకు 808 అడుగుల ఎత్తున, తన పేరు పెట్టుకున్న మేడ మీద గీయించింది.

గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ వెనక 1963లో లేచిన 59 అంతస్తుల భవనమది. పార్క్ అవెన్యూకి అడ్డుగోడ కట్టారని నగరవాసులు తిట్టిపోశారు. దాని రూపకల్పనలో ప్రఖ్యాత వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ అంతటివాడి చెయ్యి ఉన్నా తిట్లు తగ్గలేదు. పాన్ యామ్ అధినేత హువాన్ ట్రిప్‌కి మాత్రం అది ఆకాశంలో వేసుకున్న సంతకం.

1965 డిసెంబరులో డాబా మీద రాకపోకలు మొదలయ్యాయి. నడిపింది న్యూయార్క్ ఎయిర్‌వేస్ అనే మరో సంస్థ. సామాను కింద అప్పగించి పైకెళ్తే, పది నిమిషాల్లో కెన్నెడీ విమానాశ్రయం. అదే దూరానికి ట్యాక్సీలో గంట పట్టే రోజులుండేవి. చుట్టుపక్కలవాళ్లు మొదటినుంచీ గోలపెట్టారు: మోత సంగతి సరే, ఏదైనా ఊడి కింద పడితే? ఆ ప్రశ్న సర్వీసును ఆపలేకపోయింది. ఆపింది జమాఖర్చుల పుస్తకం. ఎక్కేవాళ్లు చాలక, నష్టాలు భరించలేక 1968లో మూసేశారు. క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘కూగన్స్ బ్లఫ్’ సినిమాలో ఆ డాబా మీద దర్జాగా దిగిందీ ఆ ఏడాదే!

తొమ్మిదేళ్ల తర్వాత, 1977 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. ఈసారి మూడు నెలలే.

మే 16, సాయంత్రం ఐదున్నర దాటింది. కెన్నెడీ నుంచి వచ్చిన సికోర్‌స్కీ ఎస్-61 దిగింది. వచ్చినవాళ్లు దిగిపోయారు, వెళ్లేవాళ్లు ఎక్కుతున్నారు. రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఎగురుతున్నప్పుడు కాదు, నిలబడి ఉన్నప్పుడు దాని కుడికాలు విరిగింది. హెలికాప్టర్ పక్కకి ఒరిగింది, రెక్కలు డాబాకి కొట్టుకుని ముక్కలై ఎగిరాయి. ఎక్కడానికి వచ్చినవాళ్లలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. సినీ దర్శకుడు మైకేల్ ఫిండ్లే వాళ్లలో ఒకరు. ఒక రెక్క అంచు దాటి జారి, 36వ అంతస్తు కిటికీని ఢీకొని రెండైంది. అందులో ఒక ముక్క ఒక వీధి అవతల, మాడిసన్ అవెన్యూ, 43వ వీధి కూడలిలో ఉన్న ఓ యువతి మీద పడింది. ఆమె చనిపోయింది. పన్నెండేళ్ల కిందట ఇరుగుపొరుగు అడిగింది సరిగ్గా ఇదే.

పైలట్ల తప్పేమీ లేదు. చక్రాల కాలిని పట్టి ఉంచే లోహపు భాగం అలసిపోయి బీటలిచ్చిందని దర్యాప్తు తేల్చింది. లోహానికి అలుపు ఏమిటంటారా? తీగని అటూ ఇటూ వంచుతూ పోతే పుటుక్కున తెగదూ, అదే.

ఆ రోజుతో డాబా శాశ్వతంగా మూతపడింది. 1979లో నెవార్క్‌లో మరో ప్రమాదం జరిగాక న్యూయార్క్ ఎయిర్‌వేస్ దివాలా తీసింది. అప్పుల్లో కూరుకుపోయిన పాన్ యామ్ 1981లో మేడని మెట్రొపాలిటన్ లైఫ్ బీమా కంపెనీకి అమ్ముకుంది, పదేళ్లకి తానూ కనుమరుగైంది. మాన్‌హటన్‌లో ఇప్పుడు ప్రజల కోసం ఉన్న హెలిపోర్టులు మూడు. మూడూ నది ఒడ్డునే.