నాగు గింజల లెక్క

నిజాం ఏలుబడిలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టపల్లెల్లో విత్తనానికో తిండికో గింజలు అప్పు తెచ్చుకుని, పంట చేతికొచ్చాక వాటికి మరికొన్ని కలిపి తిరిగి కొలిచే పద్ధతిని నాగు అనేవారు. తొలకరికి గింజ కరువై ధర ఎక్కుతుంది, కల్లాల నాటికి అందరి పంటా ఒక్కసారే బజారుకు చేరి ధర దిగుతుంది. కనుక పది కుంచాలు తెచ్చి పదిహేను కొలిచిన రైతు, రూపాయల లెక్కన చూస్తే, సగం వడ్డీ కంటే తక్కువే చెల్లించినట్లు కనిపించవచ్చు. అది సగం నిజమే. ఒకటి ఎంచుకున్నందుకు వదులుకోవలసివచ్చిన మరో మేలును అర్థశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది. ఆ ఐదు కుంచాలు ఇంట్లో మిగిలి ఉంటే మరుసటి తొలకరికి అంత అప్పు తేవలసిన అగత్యమే ఉండదు, వాటి అసలు విలువ అదే.

ఊరంతటికీ దొర గాదె ఒక్కటే దిక్కైన చోట బేరమాడే వీలు లేక, బాకీ తీరనివారు భగేలాలుగా, అంటే అప్పు కింద చాకిరీ చేసే జీతగాళ్లుగా మారారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగిన తరువాత రగిలిన రైతాంగ పోరాటంలో, వెట్టిని ఎదిరించిన పల్లెలు దొరల అప్పుపత్రాలను కూడా తగలబెట్టాయి.