దాచిన ఎస్‌క్యూఎల్: పెర్ల్ మ్యాపింగ్ లైబ్రరీల్లో తప్పులు వెతికిన చరిత్ర

పెర్ల్ ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ మధ్య నిలిచే మ్యాపింగ్ లైబ్రరీ పట్టికలోని వరుసను ప్రోగ్రాములో ఒక ఆబ్జెక్ట్‌గా చూపిస్తుంది. పుస్తకాల పట్టిక ఒక క్లాస్ అవుతుంది, ధర అనే కాలమ్ ధర చెప్పే మెథడ్ అవుతుంది, ఎస్‌క్యూఎల్ రాసే పని ప్రోగ్రామర్‌కు తప్పుతుంది. ఏదైనా తేడా వచ్చిన రోజున మాత్రం లైబ్రరీ ప్రోగ్రామర్ బదులు రాసిన ఎస్‌క్యూఎల్ ఏమిటో కళ్ళారా చూడనిదే అడుగు ముందుకు పడదు. ఈ లైబ్రరీల చరిత్రను వాటి సదుపాయాల వరుసలో చెప్పడం మామూలు. వాటిలో తప్పు పట్టుకోవడానికి పడ్డ పాట్ల వరుసలో చెబితే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది: ఒక పొర వేసి ఏదైనా దాచిన ప్రతిసారీ, కొన్నాళ్ళకే ఆ పొరకు ఒక కిటికీ పెట్టాల్సి వచ్చింది.

లారీ వాల్ పెర్ల్‌ను 1987 డిసెంబరులో విడుదల చేసినప్పుడు అందులో డేటాబేస్ ఊసే లేదు. పెర్ల్ 4 కాలంలో ఆరకిల్ కావాలంటే ఆరకిల్ లైబ్రరీలను కలిపి పెర్ల్‌నే కొత్తగా కట్టుకోవాలి. అలా పుట్టిన ప్రోగ్రామే కెవిన్ స్టాక్ రాసిన ఆరాపెర్ల్. సైబేస్ వాడేవారికి మైకేల్ పెప్లర్ సైబ్‌పెర్ల్ రాశారు. రెండూ వేర్వేరు పెర్ల్‌లు, వేర్వేరు ఫంక్షన్లు. ఒకదాని కోసం రాసిన స్క్రిప్టు ఇంకొకదానిలో నడవదు. ఆ రోజుల్లో తప్పు వెతకడం ఒక రకంగా తేలికే. మధ్యలో ఎవరూ లేరు, రాసిన ఎస్‌క్యూఎల్ రాసినట్టే డేటాబేస్‌కు వెళ్ళేది.

ఈ విడివిడి పెర్ల్‌లకు ఒకే ముఖం ఉండాలన్న ఆలోచన 1992లో మొదలైంది. టిమ్ బన్స్ చేతిలో అది డీబీఐగా రూపుదిద్దుకుంది. 1994 అక్టోబరులో వచ్చిన పెర్ల్ 5లో మాడ్యూళ్ళు, ఆబ్జెక్టులు ఉండడంతో దానికి సరైన నేల దొరికింది. డీబీఐ పైన ఒకే రకం పిలుపులు ఉంటాయి, కింద ఆరకిల్‌కు ఒక డ్రైవర్, మైఎస్‌క్యూఎల్‌కు ఒకటి, పోస్ట్‌గ్రెస్‌కు ఒకటి. ఇది మొదటి పొర. దాంతోపాటే మొదటి కిటికీ కూడా వచ్చింది: ట్రేస్. డీబీఐ_ట్రేస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఒక అంకె ఇస్తే చాలు, ఏ పిలుపు ఏ డ్రైవర్‌కు వెళ్ళిందో, తిరిగి ఏమొచ్చిందో ఒక్కో వరుసగా కనిపిస్తుంది. అంకె పెంచేకొద్దీ వివరం పెరుగుతుంది.

డీబీఐలో ఒక నిర్ణయం తర్వాతి వాళ్ళను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. తప్పు జరిగితే హెచ్చరిక అచ్చువేయడం అందులో మామూలుగా ఆన్‌లో ఉంటుంది, ప్రోగ్రామును అక్కడే ఆపేయడం ఆఫ్‌లో ఉంటుంది. ఇన్సర్ట్ విఫలమై, ఆ హెచ్చరిక ఎవరూ తెరవని లాగ్ ఫైల్లోకి పోయి, ప్రోగ్రాము ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోవడం ఆ తరం వారికి బాగా తెలిసిన అనుభవం. రెయిజ్‌ఎర్రర్ అనే ఆ ఆపేసే సెట్టింగును ఆన్ చేసుకోమని అనుభవజ్ఞులందరూ చెబుతూ వచ్చారు. ఆ మాట పట్టించుకున్న తర్వాతి లైబ్రరీలు దాన్ని తామే ఆన్ చేయడం మొదలుపెట్టాయి.

1996లో డగ్ మెకాకర్న్ మాడ్‌పెర్ల్ తెచ్చాక పెర్ల్ అపాచీ వెబ్‌సర్వర్‌లోనే కూర్చుంది. అప్పటిదాకా స్క్రిప్టు మొదలవగానే కనెక్షన్ తెరుచుకునేది, స్క్రిప్టుతోపాటే పోయేది. ఇప్పుడు కనెక్షన్ గంటల తరబడి బతకసాగింది, కొత్త జబ్బులూ అక్కడే మొదలయ్యాయి. మైఎస్‌క్యూఎల్ మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు ఉలుకూ పలుకూ లేని కనెక్షన్‌ను తెంచేస్తుంది. రాత్రి రద్దీ లేని సైటులో పొద్దున్నే వచ్చిన మొదటి మనిషికి ఎర్రర్ పేజీ, పేజీ మళ్ళీ తెరిస్తే అంతా బాగే. రెండో జబ్బు ఇంకా మాయదారిది. కనెక్షన్ తెరిచాక ప్రాసెస్ ఫోర్క్ అయి రెండుగా చీలితే తల్లి ప్రాసెస్‌కూ పిల్ల ప్రాసెస్‌కూ ఒకటే సాకెట్ మిగులుతుంది. పిల్ల పని ముగించి పోతూ పోతూ కనెక్షన్ మూసేస్తుంది, తప్పు మాత్రం తల్లి దగ్గర బయటపడుతుంది. ఎర్రర్ కనిపించిన చోట ఎంత వెతికినా కారణం దొరకదు, ఎందుకంటే అది వేరే ప్రాసెస్‌లో ఉంది. తర్వాత వచ్చిన డీబీఐఎక్స్::క్లాస్ అనే మ్యాపింగ్ లైబ్రరీ, కనెక్షన్ తెరిచిన ప్రాసెస్ నంబరు గుర్తుపెట్టుకుని, నంబరు మారితే కొత్త కనెక్షన్ తెరుస్తుంది. ఆ పద్ధతినే విడదీసి డేవిడ్ వీలర్ డీబీఐఎక్స్::కనెక్టర్‌గా అందించారు.

ఆబ్జెక్టులుగా చూపించే ప్రయత్నాలు 2000 సంవత్సరం చుట్టుపక్కల చాలా జరిగాయి. టాంగ్రామ్, అల్జాబో, స్పాప్స్ అన్నీ ఆ కాలపువే. వాటిలో జనం చేతుల్లోకి బాగా వెళ్ళింది మైకేల్ ష్వెర్న్ మొదలుపెట్టి, టోనీ బోడెన్ నడిపించిన క్లాస్::డీబీఐ. పట్టిక పేరు, కాలమ్‌ల పేర్లు చెబితే క్లాస్ తయారు. రచయితకూ పుస్తకాలకూ ఉన్న సంబంధం ఒక్క వరుసలో చెప్పేయవచ్చు. ఆ సరళత నిజంగా అందమైనది. దాని మీద వచ్చిన విమర్శలన్నీ ఒప్పుకున్నా ఆ మాట అనక తప్పదు.

చిక్కంతా ఆ సరళత కిందే దాగింది. 100 పుస్తకాల జాబితా చూపిస్తూ ఒక్కోదాని రచయిత పేరు అడిగితే, జాబితాకు ఒక క్వెరీ, రచయితలకు 100 క్వెరీలు, మొత్తం 101. కోడ్‌లో కనిపించేది మాత్రం రెండే వరుసల లూప్. ప్రోగ్రామర్ సొంత యంత్రంలో పది పుస్తకాలతో చురుగ్గా నడిచిన పేజీ, సర్వర్ మీద వేల పుస్తకాలతో కుంటుపడుతుంది. ఇంకో సంగతి: విలువ మార్చి అప్‌డేట్ అని చెప్పకపోతే ఆ మార్పు డేటాబేస్‌కు చేరదు. ఆబ్జెక్ట్ నాశనమయ్యేటప్పుడు మార్పులు భద్రపరచకుండానే పోయిందని క్లాస్::డీబీఐ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వచ్చేది మార్చిన చోట కాదు గనుక, ఎక్కడ మరిచిపోయామో వెతుక్కోవడం ప్రోగ్రామర్ వంతు. ట్రాన్సాక్షన్ వెనక్కి తిప్పినా మెమరీలోని ఆబ్జెక్ట్ కొత్త విలువలతోనే మిగిలిపోతుంది. డేటాబేస్‌లో ఒక ధర, ప్రోగ్రాములో ఇంకో ధర.

2005లో మాట్ ట్రౌట్ పరిశోధన ప్రాజెక్టుగా మొదలుపెట్టిన డీబీఐఎక్స్::క్లాస్ ఈ అనుభవం మీద నిలబడింది. అదే ఏడాది జాన్ సిరాక్యూసా వేగమే లక్ష్యంగా రోజ్::డీబీ::ఆబ్జెక్ట్ తెచ్చారు గానీ, ఎక్కువమంది మొదటిదాని వైపే వెళ్ళారు. అందులో కీలకం రిజల్ట్‌సెట్: వెతుకులాటను వర్ణించే ఆబ్జెక్ట్ అది. దానికి ఇంకో షరతు కలపవచ్చు, క్రమం చెప్పవచ్చు, వరుసలు అడిగేదాకా డేటాబేస్‌కు ఏమీ వెళ్ళదు. 101 క్వెరీల జబ్బుకు ప్రీఫెచ్ అనే మందు కూడా అందులోనే ఉంది. రచయితల పట్టికనూ కలిపి అన్నీ ఒకే క్వెరీలో తెచ్చేస్తుంది.

క్వెరీ ఎప్పుడు వెళుతుందో కూడా దాగిపోయింది గనుక ఈసారి కిటికీ ఇంకా పెద్దది కావాల్సి వచ్చింది. డీబీఐసీ_ట్రేస్‌కు 1 ఇచ్చి ప్రోగ్రాము నడిపితే వెళ్ళిన ప్రతి క్వెరీ, దాని పక్కనే ప్రశ్నార్థకాల్లో నింపిన విలువలు తెర మీద వరుసగా పడతాయి. తెర నిండా ఒకే రూపంలో ఉన్న సెలెక్ట్‌లు, చివరి అంకె మాత్రం 1, 2, 3 అంటూ మారుతూ పోతుంటే, ప్రీఫెచ్ మరిచిపోయారని ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు పట్టికలు కలిపినప్పుడు ఐడీ ఏ పట్టికదో తేలడం లేదని డేటాబేస్ విసుక్కుంటే, మొదటి పట్టికకు లైబ్రరీ 'మీ' అనే మారుపేరు పెట్టిందని ఈ ట్రేస్‌లోనే కనిపిస్తుంది. షరతులో కాలమ్ ముందు ఆ పేరు చేర్చితే సరి. పట్టికకు ఆర్డర్ అని, కాలమ్‌కు గ్రూప్ అని పేరు పెడితే ఎస్‌క్యూఎల్ వాటిని తన సొంత పదాలుగా చదువుకుంటుంది. పేర్లకు కోట్ గుర్తులు పెట్టే సెట్టింగు లేనిదే ఆ చిక్కు తీరదు.

ట్రేస్‌కూ అందని తప్పు ఒకటుంది. పెర్ల్‌లో ప్రతి ఫంక్షన్‌కూ తనను పిలిచినవారికి ఒక్క విలువ కావాలో, జాబితా కావాలో తెలుస్తుంది. ఒక్క విలువ అడిగితే సెర్చ్ రిజల్ట్‌సెట్ ఇస్తుంది, జాబితా అడిగితే అక్కడికక్కడే క్వెరీ నడిపి వరుసలన్నీ ఇచ్చేస్తుంది. తాళం (కీ), విలువ జతలుగా ఉండే హ్యాష్ లోపల రాసినది జాబితా కిందికే వస్తుంది. హ్యాష్‌లో 'పుస్తకాలు' అన్న తాళానికి సెర్చ్ ఫలితం, 'పేజీ' అన్న తాళానికి 1 ఇచ్చారనుకుందాం. ఒక్క పుస్తకమే దొరికితే జతలు సరిపోతాయి, ఏ హెచ్చరికా రాదు. రెండు దొరికితే రెండో పుస్తకమే తాళమై, 'పేజీ' దాని విలువైపోతుంది. 1 అనే అంకె విలువ లేని తాళంగా మిగులుతుంది. బేసి సంఖ్య ఉందన్న హెచ్చరిక అప్పుడు వస్తుంది. మూడు దొరికితే మళ్ళీ సరి సంఖ్య, మళ్ళీ నిశ్శబ్దం, కానీ పుస్తకాల్లో రెండు మాయం. పరీక్షకు ఒకే పుస్తకం పెట్టుకున్నవారికి ఈ తప్పు దొరకనే దొరకదు. ఎప్పుడూ రిజల్ట్‌సెట్‌నే ఇచ్చే సెర్చ్_ఆర్ఎస్ అనే మెథడ్ ఇందుకే ఉంది.

తెలుగు డేటా ఉన్నచోట ఇంకో పాత గండం ఎదురవుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. 'త' అంటే 224, 176, 164. ఆ బైట్లు అక్షరాలని పెర్ల్‌కు చెప్పకపోతే, అది వాటిని లాటిన్ అక్షరాలుగా తీసుకుని మళ్ళీ యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. 195, 160, 194, 176, 194, 164 అనే ఆరు బైట్లు డేటాబేస్‌కు చేరతాయి. తెర మీద 'త' బదులు తలపై గీత ఉన్న లాటిన్ అక్షరం, డిగ్రీ గుర్తు, కరెన్సీ గుర్తు కనిపిస్తాయి. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు 224, రెండోది 176 లేదా 177. అందుకే చెడిపోయిన తెలుగు పేజీలో ఆ గీతల అక్షరమే మళ్ళీ మళ్ళీ వస్తుంది. పరీక్ష చాలా తేలిక. 'తెలుగు' అన్న మాటలో 6 సంకేతాలు, 18 బైట్లు. పట్టికలో బైట్లు లెక్కపెడితే 18 వస్తే డేటా క్షేమం, 36 వస్తే రెండుసార్లు మారినట్టు.

ఇందులో అన్నిటికన్నా నష్టం చేసేది బయటికి కనిపించని రకం. డ్రైవర్‌కు యూటీఎఫ్-8 సంగతి చెప్పకుండా బైట్లుగా రాసి బైట్లుగానే చదువుకుంటే, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పుకుని పేజీ ఏళ్ళ తరబడి చక్కగా కనిపిస్తుంది. డ్రైవర్‌లో సెట్టింగు సరిచేసిన రోజున పాత వరుసలన్నీ ఒక్కసారిగా చెడినట్టు అగుపిస్తాయి. డీబీఐఎక్స్::క్లాస్‌లో కాలమ్ వారీగా యూటీఎఫ్-8 మార్చే భాగం ఒకటి ఉన్నా, ఆ పని డ్రైవర్‌కే వదలడం మేలని అనుభవం తేల్చింది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ 2014లో వచ్చిన 3.0 నుంచి ఆ బాధ్యత తానే తీసుకుంది.

కారణం లైబ్రరీలోనూ డేటాబేస్‌లోనూ కాక, పెర్ల్‌లోనే దొరికిన ఉదంతం డీబీఐఎక్స్::క్లాస్ సొంత మాన్యువల్‌కు ఎక్కింది. ఫెడోరా, రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లతో వచ్చిన కొన్ని పెర్ల్ 5.8.8 కూర్పుల్లో ఈ లైబ్రరీ విపరీతంగా నెమ్మదించేది. అదే యంత్రంలో సొంతంగా కట్టుకున్న పెర్ల్ మీద హాయిగా నడిచేది. ఆపరేటర్లకు కొత్త అర్థం ఇచ్చే ఓవర్‌లోడింగ్ ఉన్న క్లాసులోకి ఆబ్జెక్ట్‌ను చేర్చేటప్పుడు వచ్చే ఒక బగ్‌కు పెట్టిన ప్యాచ్ దీనికి మూలం. మెమరీలో ఆబ్జెక్టులు పెరిగేకొద్దీ ఆ పని బరువెక్కేది. రిజల్ట్‌సెట్ ఓవర్‌లోడింగ్ వాడుతుంది గనుక దెబ్బ నేరుగా దానికే తగిలింది. ఎస్‌క్యూఎల్ ట్రేస్‌లో క్వెరీలన్నీ వేగంగానే కనిపించేవి. ఇలాంటిచోట కావాల్సింది పెర్ల్ వరుసల్లో కాలం ఎక్కడ ఖర్చవుతోందో చూపే ప్రొఫైలర్. న్యూయార్క్ టైమ్స్‌లో ఆడమ్ కాప్లన్ రాసి 2008లో విడుదల చేసిన డెవెల్::ఎన్‌వైటీప్రాఫ్ ఆ పని చేస్తుంది. దాన్ని ఆ తర్వాత పెంచి పెద్దచేసినది డీబీఐ కట్టిన టిమ్ బన్సే.

ఈ చరిత్ర తెలుగు నేలను తాకేది లైబ్రరీల్లో, అంటే నిజంగా పుస్తకాలున్న గ్రంథాలయాల్లో. న్యూజీలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ కోసం పుట్టి 2000లో వాడకంలోకి వచ్చిన కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ పెర్ల్‌లోనే రాసినది. తెలుగు రాష్ట్రాల కాలేజీ గ్రంథాలయాల్లోనూ అది నడుస్తోంది. కోహా తొలి కోడ్‌లో ఎస్‌క్యూఎల్ నేరుగానే రాసి ఉండేది, డీబీఐఎక్స్::క్లాస్ తర్వాత వచ్చి చేరింది. పట్టికలను చదివి క్లాసు ఫైళ్ళను స్కీమా::లోడర్ అనే మాడ్యూల్ తానే రాస్తుంది. రాసిన భాగం చివర, దీన్నీ దీనికి పైనున్న దేన్నీ మార్చవద్దంటూ ఒక వరుస, పక్కనే ఆ భాగం మొత్తానికి లెక్కగట్టిన ఎండీ5 అంకె పెడుతుంది. ఎవరైనా చేత్తో పై భాగంలో ఒక కామా మార్చినా, మరోసారి నడిపినప్పుడు అంకె కలవక లోడర్ ఆగిపోతుంది. చేర్పులన్నీ ఆ వరుస కిందే రాయాలి. పట్టికకు కొత్త కాలమ్ చేర్చి లోడర్ నడపడం మరిచిపోతే, డేటాబేస్‌లో ఉన్న కాలమ్ ప్రోగ్రాముకు లేనట్టే. అప్పుడు వచ్చే ఎర్రర్‌లో ఆ క్లాసు పేరు, అలాంటి కాలమ్ లేదన్న మాట ఉంటాయి. పట్టికనూ ఫైలునూ పక్కపక్కన తెరిచి కాలమ్‌లు ఒక్కొక్కటే సరిచూసుకోవడం అక్కడ మొదటి పని.